గోడ మీది కొలువు



కోరుట్ల బస్టాండు చుట్టుపక్కల గోడలను తీరిగ్గా చదివేవాళ్లు ఎంతమంది ఉంటారో గానీ, నాకది పాత అలవాటు. మెట్‌పల్లి బస్సు ఆలస్యమైతే చేసేదేముంది? సగం చినిగిన సినిమా పోస్టరు పక్కన ఒక పసుపుపచ్చ కాగితం. ఖతర్‌కు స్టీల్ ఫిక్సర్లు, షట్టరింగ్ కార్పెంటర్లు కావలెను, ఇంటర్వ్యూ ఆదివారం. దాని కింద బట్టల దుకాణానికి సేల్స్ గర్ల్స్ కావలెను. ఇంకాస్త పక్కన, ఇంట్లో కూర్చునే నెలకు ఇంత సంపాదించండి అని మరొకటి. కంపెనీ పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు మాత్రం ఉంది. అందులోనూ చివరి రెండంకెలు ఎవరో గోరుతో గీకేశారు. ఇక ఆ ఖతర్ ఇంటర్వ్యూ ఏ ఆదివారం? పోయిన ఆదివారమా, పోయిన ఏటి ఆదివారమా?

ఇవాళ నేను మాట్లాడబోయేది వెబ్‌సైటు గురించి. కాలేజీ పిల్లలు నలుగురు కలిసి తమ క్యాంపస్‌కు, తమ చుట్టుపక్కల ఊళ్లకు పనికొచ్చే కొలువుల వెబ్‌సైటు కట్టుకోవడం గురించి. గోడ దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటే, ఆ కాగితానికి ఉన్న రోగాలన్నీ వెబ్‌సైటుకూ వస్తాయి. పైగా గోడ మీది కాగితం రెండు వానలకు నాని రాలిపోతుంది. వెబ్‌సైటు మీది కాగితం రాలదు.

మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉద్యోగం అనేవాళ్లు కాదు, నౌకరి అనేవాళ్లు. "పిలగానికి నౌకరి దొరికిందా?" అని అడిగేవాళ్లు. నౌకరి వేరు, పని వేరు. మరమగ్గం నడిపితే పని, బీడీలు చుడితే పని, నెల తిరిగేసరికి జీతం చేతిలో పడితే నౌకరి. ఆ మాటనే పేరుగా పెట్టుకుని 1997లో ఢిల్లీలో సంజీవ్ బిఖ్‌చందానీ నౌకరీ డాట్ కామ్ మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన హార్లిక్స్ తయారుచేసే కంపెనీలో పనిచేశారు. ఆఫీసులో సాటి ఉద్యోగులు బిజినెస్ పత్రికను వెనక నుంచి తిరగేయడం ఆయన గమనించారు. వెనక పేజీల్లోనే కదా ఉద్యోగ ప్రకటనలు ఉండేది. ఉన్న ఉద్యోగం మానేసే ఉద్దేశం లేనివాళ్లు కూడా అవే ముందు చదివేవాళ్లు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంటర్నెట్ వచ్చింది. అమెరికాలో ఉన్న అన్నగారి సాయంతో అక్కడొక సర్వరు అద్దెకు తీసుకుని, ఇక్కడి పత్రికల్లో పడిన ప్రకటనలు ఏరి, సుమారు వెయ్యి కొలువులను టైపు చేయించి సైటులో పెట్టారు. కంపెనీలు తమంతట తాము వచ్చి ఇచ్చినవి కావవి. పేపర్లు కత్తిరించి, చదివి, టైపు కొట్టి పోగేసినవి.

ఈ సంగతి మన ఇంజినీరింగ్ పిల్లలకు చెబితే కొంచెం నిరాశపడతారు. వాళ్లకు గొప్పగా కనిపించేది కోడు. నిజానికి ఏ కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టుల జాబితా తీసినా 'ఆన్‌లైన్ జాబ్ పోర్టల్' అనే పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, వాటి వెనకే ఇది. అడ్మిన్‌కు ఒక లాగిన్, కంపెనీకి ఒక లాగిన్, ఉద్యోగం వెతుక్కునేవాడికి ఒక లాగిన్. కష్టపడి రాసేవాళ్లు రాస్తారు, అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో డాక్యుమెంటేషన్‌తో సహా కొని తెచ్చేవాళ్లు తెస్తారు. వైవా రోజున స్క్రీను మీద కంపెనీ పేరు ఎక్స్‌వైజెడ్, ఉద్యోగం పేరు టెస్ట్ జాబ్, జీతం వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు. ఎక్స్‌టర్నల్ గారు తలూపుతారు, సంతకం చేస్తారు. బయట వరండాలో అదే టీములోని పిల్లవాడు ఫోనులో వాట్సాప్ గ్రూపు తెరిచి, హైదరాబాద్‌లో వాకిన్ ఎక్కడుందా అని చూసుకుంటూ ఉంటాడు. లోపల స్క్రీను మీద ఉన్న పోర్టల్‌లో ఒక్క నిజమైన కొలువు ఉన్నా అతను దాన్నే చూసుకునేవాడు గదా.

తప్పు పిల్లలదే అనను. మార్కులు పడేది కోడుకూ రికార్డుకూ. ఊరు తిరిగి కొలువులు పోగేస్తే మార్కులు వేసే పద్ధతి మన దగ్గర లేదు.

ఇప్పుడు మన క్యాంపస్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. జగిత్యాల జేఎన్టీయూ కాలేజీ 2007లో వచ్చింది. పేరుకు జగిత్యాల, ఉన్నది కొండగట్టు దగ్గర నాచుపల్లిలో. వ్యవసాయ కళాశాల పొలాసలో, వరి పరిశోధన జరిగే చోటే. జగిత్యాల సన్నాలు అని మనం తినే వరి రకం ఆ పొలాల్లో పుట్టిందే. కోరుట్లలో పశువైద్య కళాశాల. సిరిసిల్ల వైపు పోతే వేములవాడ దారిలో అగ్రహారం, అక్కడ 2021లో వచ్చిన మరో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ. సిరిసిల్లకు వ్యవసాయ కళాశాల వేరే ఉంది. ఇవి గాక డిగ్రీ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు. పక్కపక్క జిల్లాల్లో ఇన్ని రకాల చదువులున్నాయి. అయినా నాచుపల్లిలో కంప్యూటర్స్ చదివే పిల్లకు పొలాసలో ఏం చదువుతారో తెలియదు, పొలాస పిల్లవాడు కోరుట్ల పశువైద్య కళాశాల గేటు దాటి ఎరగడు. పెద్ద కంపెనీలకేమో హైదరాబాద్ రింగ్ రోడ్డు దాటి రావాలంటే బద్ధకం. అక్కడే కావలసినన్ని కాలేజీలుండగా కొండగట్టు దాకా ఎందుకొస్తారు?

ఈ బాధ మనకొక్కళ్లకే కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు దగ్గర, మంచు దుప్పట్లో హౌటన్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి మిషిగన్ టెక్ యూనివర్సిటీ పిల్లలదీ ఇదే గోడు. చదువు బాగుంటుంది, కంపెనీలు మాత్రం అంత దూరం రావు. ఆ కాలేజీలో చదివిన గ్యారెట్ లార్డ్, బెన్ క్రిస్టెన్‌సెన్, స్కాట్ రింగ్‌వెల్‌స్కీ అనే ముగ్గురు 2014లో హ్యాండ్‌షేక్ అనే సైటు పెట్టారు. వాళ్లు గది తలుపులు వేసుకుని కూర్చోలేదు. కారు వేసుకుని కాలేజీ కాలేజీకీ తిరిగారు, అక్కడి ప్లేస్‌మెంట్ ఆఫీసుల వాళ్లను ఒక్కొక్కరినే ఒప్పించారు. ఇవాళ వెయ్యికి పైగా కాలేజీలు ఆ సైటు వాడుతున్నాయి. ఊరు మూలన ఉంది కాబట్టే వాళ్లకు ఆ ఆలోచన వచ్చింది. కంపెనీలు గుమ్మం ముందు వరస కట్టే పెద్ద పేరున్న కాలేజీలో చదివినవాడికి ఆ లోటు ఎలా తెలుస్తుంది?

మన పిల్లలకు కారుండదు. ఆర్టీసీ బస్సుంది. నాచుపల్లి నుంచి ఇద్దరు, పొలాస నుంచి ఒకరు, కోరుట్ల నుంచి ఒకరు, మొత్తం నలుగురు అనుకుందాం. మొదటి నెల ల్యాప్‌టాప్ మూసేసి ఊరు తిరగాలని వాళ్లు నిర్ణయించుకున్నారనుకుందాం. జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర మొదలుపెట్టారు. ఒక పెద్ద దుకాణం. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన.

"కాకా, మీ దుకాణంల పనికి మనుషులు కావాల్నా?"

"ఎందుకు బిడ్డా? మీరు పనికొస్తరా?"

"మేం కాదు కాకా. కావాలంటే మా వెబ్‌సైట్ల పెడుతం."

"పైసలెన్ని?"

"పైసలేం లేవు."

"పైసలు లేకుంటే మరి మీకేం లాభం?"

ఇక్కడ పిల్లలు నోరెళ్లబెడతారు. ఊరికే చేస్తామంటే మన బజారులో ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కాలేజీ పేరు చెప్పి, ఐడీ కార్డు చూపించి, సారు నంబరిచ్చి, చాయ తాగాక పెద్దాయన కాస్త మెత్తబడతాడు. లెక్కలు రాసే మనిషి కావాలంటాడు. జీఎస్టీ తెలిసి, కంప్యూటర్లో బిల్లు కొట్టగలగాలి. జీతమెంత రాయమంటారని అడిగితే, "అది మనిషిని జూసినంక చెప్త" అంటాడు.

నన్నడిగితే పిల్లలు ఇక్కడ మొండికేయాలి. జీతం గడి ఖాళీగా ఉంటే సైటులో పెట్టకూడదు. 'అనుభవాన్ని బట్టి' అనే మాటను కూడా ఒప్పుకోకూడదు. ఎంత నుంచి ఎంత దాకా ఇస్తారో రెండు అంకెలు చెప్పమనాలి. పెద్దాయనకు కోపం రావచ్చు. వస్తే రానీ, రెండోసారి చాయ తాగుదాం. ఎందుకంటున్నానంటే, చదువుకునే రోజుల్లో పేపరు ప్రకటన చూసి ఒక ఊరికి ఇంటర్వ్యూకు పోయాను. రెండు బస్సులు మారి, ఇస్త్రీ చొక్కా నలిగిపోయి, చేరేసరికి మధ్యాహ్నం. అక్కడాయన నా సర్టిఫికెట్లన్నీ ఓపిగ్గా చూసి, జీతం చెప్పాడు. ఆ జీతానికి ఆ ఊళ్లో గది అద్దె కూడా వెళ్లదు. ఆ ముక్క ప్రకటనలోనే ఉంటే నా బస్సు చార్జీ మిగిలేది. యాభై పైసలకు కూడా లెక్క చూసుకునే రోజులవి.

టవర్ సర్కిల్ నుంచి అలాగే పోతే చల్‌గల్ మామిడి మార్కెట్. వేసవి రెండు మూడు నెలలూ అక్కడ ఊపిరాడదు, ఇక్కడి కాయ ఢిల్లీ దాకా పోతుంది. లోడు లెక్కలు రాసే పనికి, గ్రేడింగు పనికి చురుకైన పిల్లలు కావాలి. సరిగ్గా పరీక్షలైపోయి సెలవులిచ్చే రోజులు. ఆ పని గురించి పొలాస వ్యవసాయ కళాశాల పిల్లలకు చెప్పేవాడు ఉండాలి, అంతే. పొలాసలో చదివేవాళ్లు చివరి ఏడాదిలో పల్లెల్లో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. ఊళ్లలో ఏ విత్తన కంపెనీ ఫీల్డు మనుషుల కోసం చూస్తోందో వాళ్లకు ముందే తెలుస్తుంది. కోరుట్ల పశువైద్య విద్యార్థికి కోళ్ల ఫారాల సంగతి తెలుస్తుంది. తెలిసిన కబురు తెలియాల్సిన చోటికి చేరదు, మనకున్న చిక్కంతా అదే. పిల్లలు పార్ట్ టైముగా చేసే పనులు మాత్రం ఎలాగో చేరిపోతాయి, చూశారా? పెళ్లిళ్ల సీజనులో ఫంక్షన్ హాలుకు కేటరింగ్ కుర్రాళ్లు కావాలంటే గంటలో హాస్టల్ అంతా తెలుస్తుంది. కేటరింగ్‌కు పోయే పిల్లల వాట్సాప్ గ్రూపు అంత చక్కగా నడిచే సంస్థ మన దగ్గర ఇంకొకటి లేదు. ఎన్ని గంటలకు రావాలి, ఎంత ఇస్తారు, రాత్రి దింపుతారా లేదా, ఈ మూడూ రెండు లైన్లలో ఉంటాయి. పెద్ద పెద్ద కంపెనీల ప్రకటనల్లో ఈ మూడూ ఉండవు.

సిరిసిల్ల వచ్చేసరికి మాత్రం ఈ సైటు గడులన్నీ తారుమారవుతాయి. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. సేటు నూలిస్తాడు. ఆసామి తన సాంచాల మీద బట్ట నేయిస్తాడు. నేసేది కార్మికుడు. ఇది పైపైన కనిపించేది. లోపల వార్పిన్ పట్టేవాళ్లు వేరు, వైపని వాళ్లు వేరు, సాంచ చెడిపోతే బాగుచేసే జాఫర్ వేరు, కండెలు చుట్టే ఆడవాళ్లు వేరు. మన వెబ్‌సైటులో 'యజమాని పేరు' అని ఒక గడి పెడతాం. ఎవరి పేరు రాయాలి? సేటు పేరు రాస్తే పని ఇచ్చేది ఆయన కాదు. ఆసామి పేరు రాస్తే ఆయన తానే ఆర్డరు కోసం ఎదురుచూస్తున్న మనిషి, చాలా చోట్ల తానూ సాంచ దగ్గర నిలబడేవాడే. 'నెల జీతం' అనే గడి ఇంకా దండగ. కూలి వచ్చేది మీటర్ల లెక్కన, చేతికందేది వారం లెక్కన.

ఇంకొక గడి కావాలి. ఆర్డరు ఎప్పటిదాకా? 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు సిరిసిల్లలో నేయించడం మొదలుపెట్టింది. ఏటా కోటికి అటూ ఇటూ చీరలు. భీవండికి, సూరత్‌కు వలసపోయిన వాళ్లలో కొందరు ఆ పని చూసుకుని తిరిగొచ్చారు. 2024లో ఆ ఆర్డరు ఆగింది, చాలా సాంచాలు మూగబోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. ఇలా ఒక్క ఆర్డరు మీద ఒక పట్టణం లేచి పడుతున్నచోట, ఫలానా నెల దాకా పని అని రాయకుండా కొలువు ప్రకటన వేస్తే అది సగం నిజమే అవుతుంది. అగ్రహారంలో చదివే నేత కార్మికుడి కొడుకు సాంచ పని కోసం సైటు చూడడు, నాకు తెలుసు. వాడి తండ్రి వాణ్ణి చదివించిందే సాంచ వదిలించడానికి. కానీ అద్దకం యూనిట్లకు, తంగళ్లపల్లి టెక్స్‌టైల్ పార్కులో యూనిట్లకు, పెద్దూరు అపెరల్ పార్కుకు లెక్కల మనిషి కావాలి, మెషీన్ల మనిషి కావాలి, డిజైన్ వేసే మనిషి కావాలి. ఆ కబురు ఇప్పటికీ తెలిసినవాళ్ల నోటినుంచి తెలిసినవాళ్ల చెవికే పోతుంది. ఆ చెవి ఎక్కువసార్లు చుట్టానిదే.

నోటి మాట అని తీసిపారేయలేం. నోటి మాటతో వచ్చిన కొలువుకు ఒక జామీను ఉంటుంది. "మా బామ్మర్ది అక్కడే చేస్తున్నడు, పో" అంటే, తేడా వస్తే నిలదీయడానికి బామ్మర్ది ఉంటాడు. వెబ్‌సైటుకు బామ్మర్ది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా పిల్లలు పేజీలకు రంగులద్దుతూ కూర్చుంటే ఆ సైటు కట్టకపోవడమే మేలంటాను.

ఎందుకింత కటువుగా అంటున్నానంటే, ఇది గల్ఫ్ నేల. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టూ, సిరిసిల్ల పల్లెల్లో దుబాయి పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. ఆ పోవడంలో మోసపోయిన కథ లేని వాడకట్టు కూడా అరుదే. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం మనుషులను విదేశీ పనులకు పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రకటనలో ఆ నంబరు వేయాలి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించకూడదు. సబ్ ఏజెంట్ అనేవాడికి చట్టంలో చోటే లేదు. ఊళ్లోకి వచ్చి, అరుగు మీద కూర్చుని, లక్షల్లో మాట్లాడేది మాత్రం వాడే. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లెవరో ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. కాబట్టి పిల్లల సైటులో విదేశీ కొలువు పెట్టాలంటే రిజిస్ట్రేషన్ నంబరు గడి నిండాలి, ఆ నంబరును పిల్లలే ఈ-మైగ్రేట్‌లో సరిచూడాలి. గడి ఖాళీగా ఉంటే బటను నొక్కినా పోస్టు పడకూడదు. కోడుగా చూస్తే నాలుగు లైన్ల పని. కోరుట్ల గోడ చేయలేని పని ఇది.

చదువుకున్న పిల్లలకు ఇందులో ఇంకో మెలిక ఉంది. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. పాసవనివాళ్లకు కూడా ఆ అనుమతి అడిగేది గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకే. కంబోడియా ఆ జాబితాలో లేదు. అంటే, ఆ తనిఖీ మన ఇంజినీరింగ్ పిల్లవాడికి ఎక్కడా అడ్డురాదు. వాడు చదువుకున్నవాడు, వాడి మంచిచెడ్డలు వాడికి తెలుస్తాయి అని చట్టం అనుకుంది. 2024లో ఏం జరిగింది? సిరిసిల్ల జిల్లా యువకుడొకరు మంచి కొలువని నమ్మి కంబోడియా పోయాడు. అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠా చేతిలో చిక్కాడు. ఇంటివాళ్లు మొరపెట్టుకుంటే సిరిసిల్ల పోలీసులు కేసు కట్టి ఏజెంటును పట్టుకున్నారు. అలా చిక్కినవాడు ఒక్కడే కాదని తర్వాత తేలింది. అలాంటి వల విసిరేటప్పుడు ప్రకటనలో ఏముంటుంది? డేటా ఎంట్రీ, కాల్ సెంటరు, కంప్యూటర్ ఆపరేటర్. క్యాంపస్ సైటులో పెట్టడానికి అచ్చం సరిపోయే పేర్లు.

పాతకాలంలో ఈ జామీను ప్రభుత్వం ఇచ్చేది. కరీంనగర్ ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి ముందు మా తరం పిల్లల క్యూలు గుర్తున్నవాళ్లు ఇప్పుడీ ప్రసంగం వింటూ ఉండవచ్చు. 1959 నాటి చట్టం ఒకటుండేది. ప్రభుత్వ సంస్థలూ, 25 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయాల్సి ఉండేది. అక్కణ్నుంచే మనుషులను తీసుకోవాలని మాత్రం చట్టంలో లేదు. మేం కార్డు తీసుకుని, రెన్యువల్ చేయించుకుని, ఇంటర్వ్యూ కార్డు వస్తుందని పోస్టుమాన్ దారి చూసేవాళ్లం. అప్పుడు 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసు అది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టుకోవద్దు, పేపర్లలో వేయండి, నోటీసు బోర్డు మీద పెట్టండి, రేడియోలోనూ టీవీలోనూ చెప్పండి అన్నది. రేడియో అనే మాట ఆ తీర్పులో ఉన్నందుకు నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఈ మైకు ముందు కూర్చుని ఆ సంగతి చెప్పుకోకుండా ఎలా ఉంటాను!

ఇప్పుడు ప్రభుత్వ పోర్టళ్లు కూడా ఉన్నాయి. కేంద్రానిది నేషనల్ కెరీర్ సర్వీస్, మన రాష్ట్రానిది డీట్. వాటిలో నమోదు చేసుకోండి, నష్టం లేదు. కానీ టవర్ సర్కిల్ పెద్దాయన లెక్కల మనిషి కోసం డీట్‌లో ఖాతా తెరవడు. ఆయన దగ్గరికి ఎవరో నడిచిపోవాలి.

నడిచిపోయేవాళ్లకు దారిలో తెలిసే సంగతులు గదిలో తెలియవు. ఊరి పేర్లనే తీసుకోండి. కోరుట్లను కొందరు కొరట్ల అని రాస్తారు. జగిత్యాలకు ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాల స్పెల్లింగులున్నాయి, సిరిసిల్లకూ అంతే. సైటులో వెతికేవాడు ఒకలా కొడతాడు, పెట్టినవాడు ఇంకోలా పెట్టి ఉంటాడు, ఫలితాలు లేవని వస్తుంది. కొలువుంటుంది, కనపడదు. ఎన్ని స్పెల్లింగులుంటే అన్నీ ఒకే ఊరికి కట్టేయాలి. తెలుగులో కొట్టినా అదే ఊరు రావాలి. ఈ బుద్ధి బెంగళూరులో కూర్చున్న పెద్ద కంపెనీకి ఎందుకు పుడుతుంది?

అలాగే ఆఖరి బస్సు. ఇది నాకెంతో ఇష్టమైన గడి. అమ్మాయికి కొలువు దొరికిందంటే ఇంట్లో తల్లి అడిగే మొదటి మాట జీతం గురించి కాదు, "సాయంత్రం ఎన్ని గంటలకు ఇడుస్తరు?" అని. ఆ తల్లి చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూనే అడుగుతుంది, చేతులు ఆగవు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. కోరుట్ల నుంచి జగిత్యాలకు పాతిక కిలోమీటర్ల చిల్లర. రానూ పోనూ చార్జీలు పోను ఏం మిగులుతుందని వద్దనుకున్న కొలువు ఇప్పుడు గిట్టుబాటవుతుంది. అయితే రాత్రి ఎనిమిదింటికి వదిలేస్తే ఊరికి పోయే బస్సుండాలి. ప్రకటనలో పని వేళలు, పక్కనే ఆ ఊరికి ఆఖరి బస్సు వేళ. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఆ తల్లికి సైటు మీద గురి కుదురుతుంది. అమ్మాయి ఫోన్ నంబరు మాత్రం ఎవరికి పడితే వాళ్లకు కనపడకూడదు. దుకాణం నంబరు అమ్మాయికి కనపడాలి, అమ్మాయి నంబరు దుకాణానికి కనపడకూడదు. అందరూ దీన్ని తిరగేసి కడుతున్నారు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సంగతి అటుంచండి, మన చెల్లెలి నంబరు ఊరందరి చేతుల్లో పెడతామా?

ఇక గడువు. మొదట్లో చెప్పిన ఆదివారం సంగతే. వెబ్‌లో ఉద్యోగ ప్రకటనలు ఎలా రాయాలో స్కీమా డాట్ ఆర్గ్ అని అందరూ ఒప్పుకున్న ఒక పద్ధతి ఉంది, గూగుల్ దాన్ని చూసే కొలువులను ఏరుకుంటుంది. అందులో 'వ్యాలిడ్ త్రూ' అని ఒక గడి ఉంటుంది, ఫలానా తేదీ దాకా చెల్లుతుంది అని. మన పిల్లలు అందులో తేదీ వేయాలి, తేదీ దాటితే ప్రకటన దానంతటదే పోవాలి. అయినా సరిపోదు. ఈ నెలాఖరు దాకా అని రాసిన కొలువులోకి నాలుగో రోజే ఎవరో చేరిపోతారు. చేరిపోయిందని సైటుకు చెప్పాలని ఏ దుకాణం వాళ్లకూ తోచదు. వాళ్లకు మనిషి దొరికాడు, పనైపోయింది. కాబట్టి వారానికొకసారి ఎవరో ఫోన్ చేసి అడగాలి. ప్రతి ప్రకటన కిందా, దీన్ని సరిచూసింది ఎవరు, ఏ కాలేజీ, ఏ తేదీన అని ఉండాలి. వెబ్‌సైటుకు బామ్మర్ది అంటే అదే. ఒక సైటులో వంద కొలువులుండి సగం చచ్చిపోయినవైతే, ఇంకోదానిలో ముప్ఫై ఉండి ముప్ఫైకి ముప్ఫై నిజమైతే, నేను ముప్ఫై ఉన్న సైటే చూస్తాను.

అప్పుడు అసలు కష్టం వస్తుంది. ఇదంతా చేసిన నలుగురూ పాసైపోతారు. డొమైన్ కొన్నవాడు బెంగళూరులో ఉంటాడు. పాస్‌వర్డు తెలిసిన పిల్ల పెళ్లయి షార్జా వెళ్లి ఉంటుంది. మరుసటేడు డొమైన్‌కు డబ్బు కట్టేవాళ్లుండరు. పిల్లలు కట్టిన సైట్లు ఎక్కువగా ఇలాగే పోతాయి, కోడు బాగాలేక పోయేవి తక్కువ. ఐఐటీ రూర్కీలో ఐఎంజీ అనే విద్యార్థి బృందం వాళ్ల క్యాంపస్ లోపలి పోర్టల్‌ను కట్టి, ఏళ్ల తరబడి నడుపుతోంది. ప్లేస్‌మెంట్ల వ్యవహారం కూడా అందులో ఉంటుంది. కట్టినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, ఏటా జూనియర్లను తీసుకుని పని నేర్పి అప్పజెప్పే అలవాటు నిలిచింది. మన నాచుపల్లిలోనూ పొలాసలోనూ ఆ అలవాటు పడాలంటే రెండో సంవత్సరం పిల్లలను ముందు నుంచే వెంట తిప్పాలి. కోడు నేర్పడం తర్వాత. ముందు టవర్ సర్కిల్ పెద్దాయనకు పరిచయం చేయాలి. "కాకా, వచ్చే ఏడు నుంచి వీడే వస్తడు" అని చెప్పాలి. డొమైను ఒకరి పేరు మీద గాక కాలేజీ పేరు మీద ఉండాలి. దుకాణాల నంబర్లు ఒకరి ఫోనులో గాక అందరికీ అందే పట్టికలో ఉండాలి.

ఆ అలవాటు పడితే, ఒక సోమవారం పొద్దున క్లాసు మొదలవక ముందు, రెండో సంవత్సరం పిల్ల ఒకతె హాస్టల్ మెట్ల మీద కూర్చుని పట్టిక ముందు పెట్టుకుని ఫోన్ కలుపుతుంది. అవతల గల్లాపెట్టె చప్పుడు.

"కాకా, నాచుపల్లి కాలేజీకెళ్లి మాట్లాడుతున్న. ఆ లెక్కల పని ఇంకా ఉన్నదా?"

"లేదు బిడ్డా, మొన్ననే ఒకామె చేరింది. పెగడపల్లి ఆమె. మీ దాంట్ల చూసే వచ్చిందట."

"సరే కాకా, తీసేస్త."

"ఆగు ఆగు. వచ్చే నెల మా తమ్ముని దుకాణం తెరుస్తున్నం, కోరుట్లల. రాసుకుంటవా?"